మతగురువులు, సామాజిక న్యాయం: కడప పల్లెల నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) అనే ప్రొటెస్టెంటు క్రైస్తవ సంఘంలో గురువుగా అభిషేకం పొంది, కడప జిల్లా పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా సంఘకాపరిగా పనిచేస్తున్నాను. మా గురించి బయటివాళ్లకే కాక సొంత విశ్వాసులకు కూడా ఉన్న కొన్ని అభిప్రాయాలు ఎంత లోతుగా పాతుకుపోయాయో రోజూ చూస్తుంటాను కనుక, వాటిలో నాలుగింటి గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మతగురువు కావాలంటే ఫలానా కులంలో, అదీ మగవాడిగా పుట్టాలి.

వాస్తవం: మా ఇంటి తలుపు తట్టినవాళ్లు ఇప్పటికీ నన్ను చూసి “అయ్యగారు లేరామ్మా?” అని అడుగుతారు. మా చర్చిల్లో అమ్మగారంటే పాస్టరు భార్య అనే అర్థం స్థిరపడిపోయినందువల్ల, గురువును నేనేనని చెప్పాక నన్నేమని పిలవాలో వాళ్లకు తోచదు. అయితే సి.ఎస్.ఐ. చరిత్రలోనే మొదటి మహిళా బిషప్‌గా ఎగ్గోని పుష్పలలిత గారు 2013లో బాధ్యతలు చేపట్టింది మన నంద్యాల డయోసిస్‌లోనే (బిషప్ పాలనలోని ప్రాంతం). కర్నూలుకు కతోలిక బిషప్‌గా పనిచేసిన పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయ్యారు, అంటే కతోలిక సంఘంలో పోపు తర్వాతి స్థానం. దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే. ఆలయాల విషయానికి వస్తే, వంశపారంపర్య అర్చకత్వ హక్కును 1987 నాటి దేవాదాయ చట్టం రద్దు చేయగా 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది; అయితే 2007లో చట్టాన్ని సవరించి, అర్హత ఉన్న అర్చక కుటుంబాలవారికి ఆ అవకాశం మళ్లీ ఇచ్చారు. చట్టం మాట అటుంచితే, మన సీమలో సుంకులమ్మ, మారెమ్మ గుళ్లలో పూజ చేసేవాళ్లు చాలాచోట్ల ముందునుంచీ బ్రాహ్మణేతరులే. మసీదులో నమాజు చేయించేవారికి ఖురాన్ చదువు, మంచి నడవడిక కావాలి తప్ప వంశం షరతు కాదు. నాకు ఆప్తులైన ఒక ఇమాం గారు దూదేకుల కుటుంబంలో పుట్టినవారు. చిన్నప్పుడు దూది ఏకే ఇంటివాడని తనను వేరుగా కూర్చోబెట్టిన బాధే తనను మదరసా వైపు నడిపించిందని ఆయన నాతో చెప్పారు.

అపోహ: పాస్టర్లందరికీ విదేశాల నుంచి డబ్బు వస్తుంది.

వాస్తవం: మా సంఘంలో స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం విడిగా ఒక డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తెస్తారు. కోత పండుగనాడు శనక్కాయలు, గుమ్మడికాయలు, కోళ్లు బలిపీఠం ముందు పెట్టి తర్వాత వేలం వేస్తారు. పల్లె సంఘం నడిచేది ప్రధానంగా వీటితోనే.

అపోహ: మతం మారితే కులం పోతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే మాట ఇది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది; 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు గాని క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన షెడ్యూల్డ్ కులాలవారు బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. కాగితం మీద కులం మారింది, ఊరిలో మారలేదు. నా మొదటి సంఘంలో ప్రభురాత్రి భోజనం (యేసు చివరి విందును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆచారం) వేళ ద్రాక్షరసం అందరూ ఒకే గిన్నెలో తీసుకునేవారు గాని, ఒక కుటుంబం ప్రతిసారీ అందరికంటే ముందు వచ్చి మోకరించేది. వేరేవాళ్ల పెదవి తగలకముందే తాము తాగాలన్నది దాని ఉద్దేశమని అర్థం కావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఒక ఆదివారం నేను గిన్నెను రెండో చివర నుంచి అందించడం మొదలుపెట్టగానే ఆ ఇంటివాళ్లు లేచి వెళ్లిపోయారు, ఏడాది వరకు తిరిగి రాలేదు. గిన్నెను తిప్పడం సరైన పనే. ముందు వాళ్లింటికి వెళ్లి మాట్లాడకపోవడం మాత్రం నా తప్పు.

అపోహ: మతగురువు ప్రార్థన చేసుకోవాలి, న్యాయం అడగడం రాజకీయం.

వాస్తవం: ఒక ఊరిలో దళితవాడ నుంచి శ్మశానానికి పోయే బాటను పక్క రైతు కొద్దికొద్దిగా దున్ని శనక్కాయ చేనులో కలుపుకున్నాడు. వానాకాలంలో ఒక ముసలమ్మ పాడె మోస్తూ కుర్రవాళ్లు గట్టు మీద జారిపడ్డారు, శవం వాలిపోయింది. పక్కనే బైబిలు పట్టుకొని నడుస్తున్న నేను, ఆ తర్వాత కూడా ప్రార్థనతో సరిపెట్టుకుంటే ఆ ప్రార్థనకు అర్థమేమిటి? ఇమాం గారు, సుంకులమ్మ గుడి పూజారి, నేను కలిసి తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాం. అది రంజాన్ నెల. ఇమాం గారు మంచినీళ్లైనా ముట్టకుండా సాయంత్రం వరకు ఆ వరండాలోనే కూర్చున్నారు. బాట ఎన్నడూ లేదని రైతు వాదించగా, పూజారి లేచి, “దేవర (అమ్మవారి జాతర) జరిగినప్పుడల్లా అమ్మను మా తాత, మా నాయన ఈ బాటలోనే మోసినారు, నేనూ మోసినాను సార్” అని చెప్పి, బాట ఎక్కడ మళ్లుతుందో, ఎక్కడ చింతచెట్టు ఉండేదో చేతితో చూపించారు. సర్వేయరు వచ్చి పటం తీసి కొలిస్తే ఆయన చెప్పినచోటే బాట బయటపడింది. హద్దురాళ్లు పాతిన రోజున రైతు కూడా వచ్చి నిలబడ్డాడు, ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు పక్క ఊరివాళ్లు తమ బాట గురించి అర్జీ రాయించుకోవడానికి పూజారి ఇంటికి వస్తున్నారు.