క్లైమాక్స్‌లో కూలే భవనాలు, వాటి కింద మనుషులు

2025 జులైలో వచ్చిన ‘సూపర్‌మ్యాన్‌’లో ఒక చిన్న షాట్ ఉంది. అతను ఉండే మెట్రోపొలిస్ నగరం నడిబొడ్డున కొండంత జంతువు వీరంగం వేస్తుంటే, దాని దారిలో ఉన్న ఉడుతను సూపర్‌మ్యాన్ గబుక్కున అందుకుని పక్కకు తీసుకెళ్తాడు. కొందరికి అది మరీ అతిగా తోచింది, కొందరికి కళ్లు చెమర్చాయి. ఆ ఉడుత వెనక నలభై ఏళ్లు దాటిన గొడవ ఉంది. హీరో, విలన్ కలబడుతుంటే మధ్యలో నలిగిపోయే జనం సంగతేమిటి?

1978లో రిచర్డ్ డోనర్ తీసిన ‘సూపర్‌మ్యాన్‌’లో అసలు క్లైమాక్స్ ఫైటే లేదు. విలన్ లెక్స్ లూథర్ దారి మళ్లించిన క్షిపణి కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ అనే భూమి చీలిక దగ్గర పేలి భూకంపం వస్తుంది. అక్కడి నుంచి సూపర్‌మ్యాన్‌కి ఊపిరాడనంత పని. గోల్డెన్ గేట్ వంతెన మీద ప్రమాదంలో పడ్డ స్కూలు బస్సును కాపాడతాడు. రైలు పట్టా విరిగినచోట తనే పట్టాలా పడుకుంటే రైలు అతని మీదుగా వెళ్లిపోతుంది. డ్యామ్ తెగి దూసుకొచ్చే నీటికి బండరాళ్లు అడ్డం వేస్తాడు. విలన్ మీద ఒక్క దెబ్బ కూడా పడదు. కాపాడటమే క్లైమాక్స్. ఇందులో ఆదర్శం ఎంత ఉందో అవసరమూ అంతే ఉంది. మనిషి గాల్లో ఎగురుతున్నాడని నమ్మించడమే ఆ రోజుల్లో పెద్ద సాహసం. నగరాన్ని కూల్చి చూపించాలంటే మినియేచర్లు కట్టి పగలగొట్టాల్సిందే.

రెండేళ్లకు ‘సూపర్‌మ్యాన్ 2’ వచ్చింది. ఈసారి అతనికి సరిజోడైన ముగ్గురు విలన్లు నగరం మధ్యలో దిగారు. ఫైట్ నడుస్తుండగా జనరల్ జాడ్ ఒక విషయం పసిగడతాడు. ఈ మనుషులంటే ఇతనికి నిజంగానే ప్రేమ, అదే ఇతని బలహీనత అని. వెంటనే మిగతా ఇద్దరూ జనంతో నిండిన బస్సును ఎత్తి అతని మీదికి విసురుతారు. తప్పుకుంటే తనకేమీ కాదు, లోపలున్నవాళ్లు పోతారు. తప్పుకోడు. చివరికి ఈ పోరు ఇక్కడ జరగకూడదని తేల్చుకుని ఊరు విడిచి ఎగిరిపోతాడు. కింద ఉన్నవాళ్లు తమను వదిలేసి పారిపోయాడనుకుంటారు. పిరికివాడన్న మాట పడటానికైనా సిద్ధపడి జనాన్ని ప్రమాదం నుంచి తప్పించిన ఆ క్షణం, ఈ తరహా సినిమాల్లో నాకు తెలిసిన గొప్ప క్షణాల్లో ఒకటి. మచ్చ లేదని కాదు. విలన్లు ఊదిన గాలికి జనం కొట్టుకుపోవడాన్ని అదే సీన్లో కామెడీగా తీశారు.

2002 ‘స్పైడర్‌మ్యాన్‌’ వచ్చేసరికి న్యూయార్క్‌లో జంట భవనాలు కూలి ఏడాది కూడా కాలేదు. ఆ భవనాల మధ్య గూడు అల్లి హెలికాప్టర్‌ని పట్టుకునే టీజర్‌ని స్టూడియో వెనక్కి తీసుకుంది. సినిమాలో విలన్ గ్రీన్ గాబ్లిన్ ఒక చేత్తో హీరో ప్రియురాలిని, మరో చేత్తో పిల్లలున్న కేబుల్ కారుని పట్టుకుని ఎవరిని కాపాడతావని అడుగుతాడు. వంతెన మీది మామూలు జనం చేతికి దొరికిందల్లా గాబ్లిన్ మీదికి విసిరి హీరోకి తోడు నిలుస్తారు. 2004లో రెండో భాగంలో, రైలును ఆపి స్పృహ తప్పిన స్పైడర్‌మ్యాన్‌ని ప్రయాణికులే చేతుల మీద మోసుకుని లోపల పడుకోబెడతారు. జనం ఇక్కడ లెక్కలోకి రాని గుంపు కాదు, కథలో పాత్ర.

ఆ తర్వాత గ్రాఫిక్స్ ఏ స్థాయికి వెళ్లాయంటే, నగరాన్ని కూల్చడం సులువైపోయింది. పిల్లలూ పెద్దలూ కలిసి చూసే పీజీ-13 రేటింగ్ కావాలి కాబట్టి రక్తం, శవాలు కనపడకూడదు. అందుకే శత్రువులు గ్రహాంతరవాసులో రోబోలో అయ్యారు, ఎన్ని వందల మందిని నరికినా ఇబ్బంది లేదు. భవనాలు కూలతాయి, లోపలున్నవాళ్లు మాత్రం కనపడరు. పైగా పెద్ద ఫైట్లను షూటింగ్‌కి చాలా ముందే కంప్యూటర్‌లో ప్రీవిజ్‌గా గీసేస్తారు. ఏ టవర్ ఎటు ఒరగాలో అప్పుడే ఖాయమవుతుంది. అందులో ఎవరున్నారన్న ప్రశ్న ఆ దశలో రాకపోతే, తర్వాత దాన్ని ఇరికించడం కష్టం.

2012, 2013లో వచ్చిన రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ‘ది అవెంజర్స్‌’లో మన్‌హాటన్ ధ్వంసమవుతుంది. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్‌’లో మెట్రోపొలిస్ ధ్వంసమవుతుంది. మొదటిదాన్ని జనం పండగలా చూశారు, రెండోది చూసి చాలామంది మనసు చివుక్కుమంది. మొదటిదాంట్లో కెప్టెన్ అమెరికా ఒక పోలీసు అధికారి దగ్గరికి దూకి, ఎవరిని ఎటు తరలించాలో, ఎక్కడ చుట్టుకట్టాలో చెబుతాడు. నీ మాట నేనెందుకు వినాలంటాడు ఆ అధికారి. అంతలో మీద పడ్డ శత్రువులను కెప్టెన్ క్షణాల్లో మట్టికరిపిస్తాడు. అధికారి ఇంకేమీ అనకుండా అవే ఆదేశాలు తన సిబ్బందికి వినిపిస్తాడు. అర నిమిషం సీన్. హీరోల తలలో జనం ఉన్నారని మనకు తెలిసిపోతుంది.

‘మ్యాన్ ఆఫ్ స్టీల్‌’కి న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. నగరంలో పెద్ద విధ్వంసం జరుగుతున్నప్పుడు సూపర్‌మ్యాన్ అక్కడ లేడు, హిందూ మహాసముద్రంలో విలన్లు దింపిన రెండో యంత్రాన్ని ఆపుతున్నాడు. శిథిలాల కింద ఇరుక్కున్న సహోద్యోగి జెన్నీని వదిలి వెళ్లలేక పత్రికా సంపాదకుడు పెర్రీ వైట్ ఆమె చెయ్యి పట్టుకుని ఉండిపోయే సీన్ గుండెను పిండేస్తుంది. కానీ సూపర్‌మ్యాన్ తిరిగొచ్చాక బూడిద మధ్యలో ప్రియురాలిని ముద్దుపెట్టుకుంటాడు, ఆపైన జాడ్‌తో కలిసి మిగిలిన భవనాల్లోంచి దూసుకుపోతాడు. చివర్లో ఒక కుటుంబం కోసం జాడ్ మెడ విరిచి గుండె పగిలేలా అరుస్తాడు. ఆ నలుగురికి మొహాలున్నాయి. అంతకుముందు పోయిన వేలమందికి లేవు.

ఈ ప్రశ్న అంతకుముందు ఎవరికీ తట్టలేదనుకోకూడదు. 1999లోనే జపాన్ ‘గమేరా 3’లో, లోకాన్ని కాపాడే రాకాసి తాబేలు గమేరా పోరులో తల్లిదండ్రులను పోగొట్టుకున్న అమ్మాయి దాని మీద పగ పడుతుంది. 2004 ‘ది ఇన్‌క్రెడిబుల్స్‌’లో దెబ్బలు తగిలినవాళ్లు కోర్టుకెక్కడంతో సూపర్‌హీరోల మీదే నిషేధం పడుతుంది. 2013 తర్వాత పెద్ద స్టూడియోలు కూడా ఆ దారి పట్టాయి. 2015లో ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’ క్లైమాక్స్‌లో సగం పని సొకోవియా అనే కల్పిత దేశంలోని జనాన్ని ఖాళీ చేయించడమే. 2016లో ‘సివిల్ వార్‌’లో, కొడుకును అక్కడ పోగొట్టుకున్న తల్లి ఐరన్ మ్యాన్ అయిన టోనీ స్టార్క్‌ని నిలదీస్తుంది. అదే ఏడాది ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ మెట్రోపొలిస్ విధ్వంసాన్ని నేల మీది నుంచి మళ్లీ చూపించింది. బ్యాట్‌మ్యాన్ అసలు మనిషి బ్రూస్ వేన్ ఒక పాపను దగ్గరికి తీసుకుని మీ అమ్మ ఎక్కడని అడుగుతాడు. ఆ పాప కూలిన భవనం వైపు వేలు చూపిస్తుంది.

అంత బాగా మొదలుపెట్టిన సినిమా కూడా క్లైమాక్స్‌లో దొడ్డిదారి పట్టింది. ఆఫీసులు వదిలేశారు, డౌన్‌టౌన్ దాదాపు ఖాళీ అని టీవీలో ఒకరంటారు. ఆ దీవిలో ఎవరూ లేరని ఇంకొకరు, ఆ రేవు పాడుబడిందని మరొకరు. ‘సివిల్ వార్‌’లో కొట్లాటకు ముందే విమానాశ్రయాన్ని ఖాళీ చేయించేస్తారు. ఎవరూ లేనిచోట కొట్టుకోవడంలో తప్పేమీ లేదు. కానీ హీరో ఎవరినో కాపాడాల్సిన అవసరాన్నే తీసేస్తే, దెబ్బకీ ప్రాణానికీ మధ్య అతను ఏది ఎంచుకుంటాడో మనం ఎప్పుడు చూస్తాం?

‘జస్టిస్ లీగ్’ ఈ ఇబ్బందిని అందరికన్నా స్పష్టంగా చూపించింది. 2017లో థియేటర్లకు వచ్చినప్పుడు క్లైమాక్స్‌లో ఒక రష్యన్ కుటుంబం ఉంటుంది, జనం ఉన్న భవనాన్ని సూపర్‌మ్యాన్ అమాంతం మోసుకుపోతాడు. అవన్నీ రీషూట్‌లో కలిపినవి. 2021లో సినిమాను మొదట తీసిన దర్శకుడు జాక్ స్నైడర్ తన వెర్షన్ విడుదల చేసినప్పుడు ఆ కుటుంబం లేదు. అదే చోటు, అదే విలన్, అదే ఫైట్. కుటుంబం ఉన్నప్పుడు హీరోలు వేరేగా పోరాడలేదు, లేనప్పుడు కథకు ఏ లోటూ రాలేదు. కాపాడటం ఆ ఫైట్‌లో భాగంగా పుట్టలేదు, తర్వాత అతికించారు. అందుకే అంత తేలిగ్గా ఊడివచ్చింది.