కాఫీలో న్యాయం ఏమిటని అడిగావు కదా

చి. బుజ్జికి, చి. చందుకి,

తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నువ్వు అమెరికా నుంచి పంపిన కాఫీ పొట్లం మొన్న చేరింది. ఉగాదికి విప్పుదామని మీ అమ్మమ్మ అలమారలో దాచింది. నేను మాత్రం కళ్లజోడు పెట్టుకుని దాని మీదున్న అక్షరాలన్నీ చదివాను. పెరూ దేశం, పూనో ప్రాంతం, సాందియా లోయ. సేంద్రియమని ఒక ముద్ర, ఫెయిర్‌ట్రేడ్ అని ఇంకో ముద్ర. ఆ రాత్రి ఫోన్లో చందు "న్యాయమైన వ్యాపారమా? కాఫీలో న్యాయం ఏమిటి తాతయ్యా?" అన్నాడు. అప్పటికి ఏదో రెండు ముక్కలు చెప్పాను. ముప్పై ఏళ్లు సహకార సంఘంలో లెక్కలు రాసినవాణ్ణి, ఆ ప్రశ్నని అంతటితో వదిలెయ్యడానికి మనసొప్పలేదు.

నాకు పదేళ్లప్పుడు మా నాన్న నన్ను పసుపు బండి మీద మార్కెట్‌కి తీసుకెళ్లాడు. తెల్లవారుజామున బస్తాలు దించాం. కొనేవాడు వచ్చి ఒక కొమ్ము విరిచి వాసన చూశాడు. తర్వాత అతనూ దళారీ ఒక తువ్వాలు కింద చేతులు పెట్టుకుని వేళ్లతోనే బేరం తేల్చుకున్నారు. మా నాన్న పక్కనే నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. కాటా అయ్యాక తరుగు కింద ఇంత, కమీషన్ కింద ఇంత, హమాలీ కింద ఇంత అని తీసేసి చీటీ చేతిలో పెట్టారు. తొమ్మిది నెలలు పెంచిన పంటకి ధర ఎంతో ఆ చీటీ చూశాకే ఆయనకి తెలిసింది. ఇంటికొచ్చేదాకా బండి మీద ఒక్క మాట మాట్లాడలేదు. చందూ, నువ్వడిగిన న్యాయం ఆ తువ్వాలు కింద జరిగిన సంగతి గురించే.

ఇప్పుడు అట్లాసు తీయండి. పెరూ, బొలీవియాల మధ్య తితికాకా అని పెద్ద సరస్సు కనిపిస్తుంది. అది సముద్రమట్టానికి 3,812 మీటర్ల ఎత్తున ఉంది. మన అరకు ఊరు వెయ్యి మీటర్లు కూడా లేదు, ఆలోచించండి. ఆ చలిలో బంగాళాదుంప, కినోవా లాంటివే పండుతాయి. అక్కడి కెచువా, ఐమారా జనం ఆండీస్ కొండలకి తూర్పువైపు దిగి, అడవి మొదలయ్యే వాలుల్లో కాఫీ వేసుకున్నారు. చాలామందికి పైన ఇల్లు, కింద తోట. ఒక్కో కుటుంబానికి ఉండేది రెండు మూడు హెక్టార్లు, అంటే మన లెక్కలో అయిదు నుంచి ఏడెకరాలు. పెరూ మొత్తంలో కాఫీ మీద బతికే కుటుంబాలు 2 లక్షల పైనే. అందులో ఎక్కువమంది ఇలాంటి చిన్న రైతులే. కోతలప్పుడు ఒకరి తోటకి ఒకరు సాయం పోవడాన్ని వాళ్లు 'ఐనీ' అంటారు. ఇవాళ నీ తోటకి నేనొస్తాను, రేపు నా తోటకి నువ్వు రావాలి. మా చిన్నప్పుడు మన ఊళ్లోనూ నాట్లకి ఇలాగే వెళ్లేవాళ్లు.

ఆ దేశంలో రైతుకి భూమి ఊరికే దక్కలేదు. సాందియాకి వాయవ్యంగా, కుస్కో ప్రాంతంలో లా కొన్వెన్సియోన్ అనే లోయ ఉంది. అక్కడ ఒకప్పుడు లోయంతా కొద్దిమంది భూస్వాములదే. కౌలుదారుకి ఓ వాలు ముక్క ఇచ్చేవాళ్లు, బదులుగా నెలకిన్ని రోజులు దొర పొలంలో కూలి లేకుండా చాకిరి చెయ్యాలి. తెలంగాణ పెద్దవాళ్లు వెట్టి అని దేన్నంటారో, అచ్చం అదే. ఆ కౌలుదార్లు తమ ముక్కల్లో కాఫీ నాటుకున్నారు. కాఫీ అమ్మితే చేతికి నాలుగు డబ్బులొచ్చాయి, వాటితో పాటు ఈ చాకిరి ఎందుకు చెయ్యాలన్న ప్రశ్నా వచ్చింది. సంఘాలు కట్టారు. ఊగో బ్లాంకో అనే నాయకుడితో కలిసి 1962లో చాకిరి మానేసి సమ్మె చేశారు. ఆ లోయలో వెట్టి రద్దయింది. ఆ తర్వాత 1969 జూన్ 24న పెరూ అంతటికీ భూసంస్కరణ చట్టం వచ్చింది. కాఫీ రైతుల పెద్ద సహకార సంఘాలు పుట్టింది కూడా ఆ రోజుల్లోనే. లా కొన్వెన్సియోన్‌లో కోక్లా 1967లో, సాందియాలో సెకోవాసా 1970లో మొదలయ్యాయి. ఫెయిర్‌ట్రేడ్ ముద్ర పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే రైతులు సంఘాలు కట్టుకున్నారన్నమాట. ఈ వరస గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

కాఫీ మొక్క నాటిన మూడో ఏటికో నాలుగో ఏటికో గాని కాపుకి రాదు. ఒక మంచి వాన పడ్డ పదిరోజులకి కొమ్మల నిండా తెల్లపూలు, తోటంతా మల్లెల వాసన. పూత నుంచి పండుకి ఎనిమిది, తొమ్మిది నెలలు. ఒకే కొమ్మ మీద పచ్చికాయా పండూ కలిసి ఉంటాయి కాబట్టి అదే తోటలోకి మళ్లీమళ్లీ వెళ్లి ఎర్రబడ్డవే ఏరాలి. కోసినరోజు సాయంత్రమే పల్పర్‌లో వేసి తోలు తీయాలి. రాత్రంతా తొట్టిలో ఊరి జిగురు వదిలాక కడిగి, నూటికి 12 వంతుల తేమకి దిగేదాకా ఎండబెట్టాలి. వాన మబ్బు కమ్మితే ఇంటిల్లిపాదీ పరదాలు పట్టుకుని పరిగెత్తాల్సిందే, మనం కళ్లంలో వడ్లకి పరిగెత్తినట్టు. ఇంత చేస్తే 6 కిలోల పండుకి ఒక కిలో గింజ వస్తుంది. వేయిస్తే అందులోనూ ఆరో వంతు తరిగిపోతుంది.

సేంద్రియం సంగతి చెబుతాను. మందులు కొట్టకపోవడమే సేంద్రియం అనుకుంటారు చాలామంది. అలాగైతే డబ్బుల్లేక మందు కొనలేకపోయిన ప్రతివాడూ సేంద్రియ రైతే అవుతాడు. అది మానడం కాదు, అదనపు పని. పండు తోలుని పశువుల ఎరువుతో కలిపి మాగబెట్టాలి, మోసుకెళ్లి చెట్టు చెట్టుకీ వెయ్యాలి. పెరూ సముద్రతీరం దీవుల మీద పక్షుల రెట్ట గుట్టలుగా పేరుకుంటుంది, దాన్ని గ్వానో అంటారు. ఆ మాట కెచువా భాష నుంచే వచ్చింది. అదీ తోటలకి బలం.

నీడ చెట్లలో పకాయ్ అని ఒకటి ఉంది. చిక్కుడు కుటుంబానిది కాబట్టి దాని వేళ్లు నేలకి నత్రజని అందిస్తాయి, రాలిన ఆకు తేమని కాపాడుతుంది. పొడుగాటి కాయ చీలిస్తే నల్లటి గింజల చుట్టూ దూదిలాంటి తెల్లటి తియ్యటి గుజ్జు. చందూ, మన దొడ్లో సీమచింత కాయలు తిన్నావు కదా, అది దీనికి దాయాది! సీమచింత కూడా అమెరికా ఖండం నుంచే మనకి వచ్చింది, పేరులోనే 'సీమ' ఉంది. ఒకప్పుడు వృక్షశాస్త్రం చదివినవాళ్లు రెండిటినీ 'ఇంగా' అనే ఒకే జాతిలో రాసుకున్నారు కూడా.

సేంద్రియ ముద్ర కావాలంటే నేల మూడేళ్లు రసాయనాలకి దూరంగా ఉండాలి, ప్రతి పనికీ లెక్క రాయాలి. ఒక్క రైతు తనిఖీ ఖర్చు పెట్టుకోలేడు. అందుకని సంఘం మొత్తానికి కలిపి తనిఖీ చేస్తారు. ముందు సంఘం మనుషులే ప్రతి తోటా తిరిగి చూస్తారు, తర్వాత బయటి తనిఖీదారు కొన్ని తోటలు ఎంచుకుని చూస్తాడు. యూరప్ వాళ్లు కొత్త నిబంధనలు తెచ్చి, ఇలాంటి గుంపులో 2,000 మందికి మించకూడదన్నారు. దాంతో పెద్ద సంఘాలు మళ్లీ ముక్కలుగా విడి కాగితాలు రాసుకోవాల్సి వచ్చింది. నిబంధన రాసేవాళ్లు ఒకసారి ఆ కొండ ఎక్కి వచ్చి రాస్తే బాగుండేదనిపిస్తుంది నాకు.

ఇక రెండో ముద్ర. దాని పుట్టుక మెక్సికోలోని ఓహాకా కొండల్లో. ఆ పక్క దేశాల్లో దళారిని 'కొయోతే' అంటారు, అది తోడేలు జాతి జంతువు పేరు. అక్కడి ఉసీరి అనే రైతుల సంఘంతో కలిసి పనిచేసిన ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్ అనే డచ్ కాథలిక్ ఫాదరీ, నెదర్లాండ్స్‌లో నీకో రోజెన్ అనే ఆయనా కలిసి 1988లో 'మాక్స్ హావెలార్' అనే ముద్ర మొదలుపెట్టారు. సరిగ్గా మరుసటి ఏడే, 1989 జూలైలో, దేశాల మధ్య కాఫీ కోటాల ఒప్పందం కూలిపోయింది. అప్పటిదాకా ఎవరెంత అమ్మాలో కోటా ఉండేది, ధర మరీ పడిపోకుండా అదే ఆపేది. కోటా పోయాక ధర న్యూయార్క్ సట్టా బజారు చేతికి వెళ్లింది. బ్రెజిల్లో మంచుకి చెట్లు మాడితే ధర ఎగురుతుంది, అక్కడ పంట విరగపండితే సాందియా రైతు మునుగుతాడు. 2001లో పౌను (454 గ్రాములు) కాఫీ 50 సెంట్ల లోపుకి పడిపోయింది. ఆ రోజుల్లో ఫెయిర్‌ట్రేడ్ కింద అమ్మిన సంఘానికి 1.26 డాలర్లు వచ్చాయి. తేడా చూడండి.

బజారు ఎంత పడినా ఇంతకి తగ్గకూడదని ఫెయిర్‌ట్రేడ్ పెట్టే ఆ కనీస ధరని 2023 ఆగస్టులో పౌనుకి 1.80 డాలర్లు చేశారు. సేంద్రియమైతే ఇంకో 40 సెంట్లు. వీటిపైన 20 సెంట్లు సంఘం నిధికి వెళ్తాయి, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో సభ్యులే సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చుకోవాలి. బజారు ధర కనీస ధర కన్నా ఎక్కువుంటే బజారు ధరే ఇవ్వాలి. సంఘం అడిగితే కొనేవాళ్లు ఒప్పందం విలువలో 60 శాతం దాకా ముందుగా ఇవ్వాలి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన నిబంధన ఇదే. కోతకి ముందు చేతిలో పైసా లేని రోజుల్లోనే రైతు దళారికి తాకట్టు పడతాడు. ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

అయితే మీకు అరకొర నిజం చెప్పను. ఆ 1.80 డాలర్లు రైతు జేబులోకి వెళ్లేవి కావు. ఓడకెక్కించే చోట సంఘానికి అందే ధర అది. అందులోంచి మర పట్టించడం, లారీ, తనిఖీ ఖర్చు, అప్పు మీద వడ్డీ పోగా మిగిలింది రైతుది. పైగా సంఘం పంటంతా ఈ ముద్ర మీద అమ్ముడుపోదు. కొనేవాళ్లు అడిగినంతే ముద్ర కింద పోతుంది, మిగతాది మామూలు ధరకే. బుజ్జీ, నువ్వు అక్కడ కప్పు కాఫీకి నాలుగు డాలర్లు పెడుతున్నానన్నావు. కప్పుకి 10 గ్రాముల పొడి అనుకుని లెక్కగట్టాను. కనీస ధరా సేంద్రియం అదనమూ కలిపినా సంఘానికి చేరేది కప్పుకి ఆరు సెంట్లు. నాలుగు డాలర్లలో ఆరు సెంట్లు! రెండుసార్లు చూసుకున్నాను, లెక్క తప్పలేదు.

ధర పెరిగినా సంఘానికి కష్టమే, చిత్రంగా. 2025 ఫిబ్రవరిలో పౌను 4 డాలర్లు దాటింది. అలాంటప్పుడు దళారి నోట్ల కట్టతో నేరుగా తోటలోకే వస్తాడు. సంఘం పాత ధరకి ఒప్పందం చేసుకుని ఉంటుంది, డబ్బు కాస్త ఆలస్యంగా ఇస్తుంది. పిల్లవాడి ఫీజు కట్టాల్సిన రైతు ఎటు మొగ్గుతాడు? అతన్ని నేను తప్పుపట్టలేను. మా సంఘంలోనూ ఇలాంటి ఏళ్లు చూశాను. ధర బాగున్న ఏడాది మా గోడౌన్ ఖాళీ. ధర పడిపోయిన ఏడాది అందరూ గేటు ముందే.

సాందియా వాళ్లకి వచ్చిన పెద్ద దెబ్బ మాత్రం ధర వల్ల కాదు. సెకోవాసా రైతుల కాఫీకి 'తుంకి' అని పేరు. ఆండీస్ అడవుల్లో ఉండే నారింజ రంగు పిట్ట అది, పెరూ జాతీయ పక్షి. 2010లో అమెరికా స్పెషాలిటీ కాఫీ సంఘం పోటీలో ఆ కాఫీ బహుమతి గెలిచింది. ఆ తర్వాత మూడేళ్లు తిరక్కుండానే రోయా వచ్చింది. మనం తుప్పు తెగులంటాం. ఆకు అడుగున నారింజ రంగు పొడి, తర్వాత చెట్టుకి ఆకే ఉండదు. 1869లో సిలోన్‌లో కనిపించి అక్కడి కాఫీ తోటల్ని టీ తోటలుగా మార్చేసిన తెగులే ఇది. 1970లో బ్రెజిల్ చేరింది, 2012, 2013ల్లో పెరూని ఊడ్చేసింది. సేంద్రియ రైతుకి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం లాంటివి తప్ప దిక్కులేదు, అవీ హద్దులో వాడాలి. ముసలి చెట్లు నిలవలేదు. పూనోలో పంట కుప్పకూలింది. కొత్త మొక్క వేస్తే మూడేళ్లు ఆగాలి. కోకా అనే ఆకు పంట వేస్తే ఏడాదికి మూడు నాలుగు కోతలు, కొనేవాడు గుమ్మంలోకే వస్తాడు. కోకా ఆకు నమలడం ఆండీస్ జనానికి వేల ఏళ్ల ఆచారం, అందులో తప్పేమీ లేదు. కాని ఇలా పెరిగిన కోకాలో చాలావరకు మత్తుమందు వ్యాపారులకే పోతుంది. చాలా కుటుంబాలు అటు వెళ్లాయి. కొన్ని ఉండిపోయాయి. తెగులు తట్టుకునే రకాలు తెచ్చి, నర్సరీలు పెంచి, మళ్లీ నాటాయి. నీ పొట్లంలోని గింజ ఆ ఉండిపోయినవాళ్లదే బుజ్జీ.

సంఘాలు ముందు, ముద్ర తర్వాత పుట్టాయన్నాను కదా. అందుకే పొట్లం మీద ముద్ర కన్నా ముందు నేను సంఘం పేరు వెతుకుతాను. ముద్ర పద్ధతి మారొచ్చు. 2011లో అమెరికా ఫెయిర్‌ట్రేడ్ వాళ్లు వేరు కుంపటి పెట్టుకుని పెద్ద ఎస్టేట్లకీ ముద్ర వేస్తామన్నారు. చిన్న రైతులకి ఇది నచ్చదు, నాకూ నచ్చదు. ఎస్టేటుకి యజమాని ఉంటాడు. సంఘంలో ఐమారా ఆడమనిషైనా సరే లేచి లెక్క అడగగలదు.

మన అరకు, పాడేరు కొండల ఆదివాసీ రైతులూ ఈ దారిలోనే నడుస్తున్నారు. నీడ చెట్ల కింద, సేంద్రియంగా, వేలమంది ఒక సహకార సంఘంగా చేరి పండించిన కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం దాకా వెళ్లింది. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈమధ్య అక్కడి తోటల్లోనూ కాయతొలుచు పురుగు కనబడిందని విని దిగులేసింది. దక్షిణ అమెరికా రైతులు 'బ్రోకా' అని తిట్టుకునేది దాన్నే.

చందూ, ఉగాదికి మీ అమ్మతో వచ్చెయ్యి. అరకు పొడి నేను తెప్పిస్తాను. రెండిటినీ వేరువేరు ఫిల్టర్లలో, చికోరీ కలపకుండా దించమని మీ అమ్మమ్మతో చెప్పాను, సరేనంది. సీమచింత ఈసారి విరగకాసింది. ఎర్రబడ్డ కాయల్ని రోజూ చిలకలు తినేస్తున్నాయి. కింది కొమ్మకి గుడ్డ చుట్టి, ఆ కాయలు నీకోసం ఉంచాను.

మీ
తాతయ్య