ఆంగ్ సినిమా ఓటీటీ బాట పట్టిన వైనం: అసలు మలుపు 2014 జులైలో

థియేటర్ కోసం తీసిన సినిమా నేరుగా ఓటీటీకి వెళ్తోందంటే మన దగ్గర ముందుగా వినిపించే మాట ఒకటే: ‘బొమ్మ తేడాగా ఉన్నట్టుంది.’ ‘ద లెజెండ్ ఆఫ్ ఆంగ్’ యానిమేషన్ సినిమా సంగతి అంత తేలిగ్గా తేలేది కాదు. మొదట 2025 అక్టోబరు 10 అన్నారు. తర్వాత 2026 జనవరి 30 అన్నారు. ఆ తర్వాత 2026 అక్టోబరు 9కి జరిపారు. చివరికి 2025 డిసెంబరులో పారామౌంట్ సంస్థ థియేటర్ల ఊసే లేకుండా చేసి, సినిమాను తన సొంత ఓటీటీ పారామౌంట్ ప్లస్‌కు మళ్లించింది. పెద్ద తెరను మనసులో పెట్టుకుని ఫ్రేములు గీసిన ఆర్టిస్టులకు ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ సినిమాకు మూలమైన యానిమేషన్ సిరీస్ ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ గురించి తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. తెలియనివాళ్లకు ఒక్క ముక్క: పంచభూతాల్లో ఆకాశాన్ని పక్కనపెట్టి మిగతా నాలుగింటినీ తన చేతుల్లో ఆడించగల ఒక పిల్లవాడి కథ. 2005 నుంచి 2008 దాకా అమెరికాలో, పారామౌంట్ గొడుగు కిందే ఉన్న నికలోడియన్ చానల్లో 61 ఎపిసోడ్లు వచ్చింది. సృష్టికర్తలు మైఖేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనియెట్‌స్కో. కథ పుట్టింది వాళ్ల బుర్రలో, హక్కుల కాగితం ఉన్నది మాత్రం చానల్ బీరువాలో. (సిరీస్‌లో ఆ పిల్లవాణ్ని పిలిచేది నిజానికి ‘ఏంగ్’ అని. స్పెల్లింగ్ చూసి మనం ‘ఆంగ్’ అని రాస్తాం. అలా పలికించినందుకే ఒక దర్శకుడు అభిమానుల చేత తిట్లు తిన్నాడు. ఆయన దగ్గరికి ఇప్పుడే వద్దాం.)

ఈ కథను వేరే మాధ్యమంలోకి తీసుకెళ్తే ఏమవుతుందన్న చర్చ వచ్చినప్పుడల్లా అందరూ 2010 సినిమా దగ్గర మొదలుపెడతారు. మన యానాంలాగే పుదుచ్చేరిలో భాగమైన మాహేలో పుట్టిన ఎం. నైట్ శ్యామలన్ దాని దర్శకుడు. జేమ్స్ కామెరాన్ సినిమాకు ఆ పేరు ముందే ఉండటంతో టైటిల్లోంచి ‘అవతార్’ తీసేయాల్సి వచ్చింది. మన పురాణాల మాట మీద హాలీవుడ్‌లో పేచీ! ఆసియా ఛాయలున్న ముగ్గురు ప్రధాన పాత్రలకు తెల్ల నటులను పెట్టి, శత్రురాజ్యం వాళ్లకు దేవ్ పటేల్, ఆసిఫ్ మాండ్వీ లాంటివాళ్లను పెట్టడంతో విడుదలకు ముందే గొడవైంది. 15 కోట్ల డాలర్ల బడ్జెట్, దాదాపు 32 కోట్ల డాలర్ల వసూళ్లు, చెత్త సినిమాలకిచ్చే ‘రాజీ’ (Razzie) అవార్డులు 5. మూడు భాగాలనుకున్నది ఒక్కదానితో ఆగింది.

అందులో ఒక్క సీన్ చూస్తే చాలు. సిరీస్ ఆరో ఎపిసోడ్‌లో మట్టిని ఆడించేవాళ్లను సముద్రం మధ్యలో ఇనుప కట్టడం మీద బంధిస్తారు. కాలి కింద చిటికెడు మన్ను లేకపోతే వాళ్లు నిస్సహాయులు. అదీ కిటుకు. సినిమాలో అదే బందీలను మామూలు నేల మీద, చుట్టూ రాళ్లున్న చోటే పెట్టారు. మీ కాళ్ల కిందే నేల ఉంది కదా అని ఆంగ్ వచ్చి గుర్తుచేయాలి! ఆ తర్వాత అరడజను మంది వరసగా నిలబడి కాళ్లు తొక్కి, చేతులు ఊపి డాన్సులాంటిది చేస్తే, ఒక్క రాయి తాపీగా గాల్లో తేలుతూ వెళ్తుంది. కథలో బా సింగ్ సే ఒక నగరం. ‘బా సింగ్ సేలో యుద్ధం లేదు’ అన్న సిరీస్ డైలాగును మార్చి ‘బా సింగ్ సేలో సినిమా లేదు’ అని అభిమానులు చెప్పుకుంటారు. వాళ్ల లెక్కలో ఆ సినిమా రానేలేదు.

కానీ 2010 గాయం అభిమానులది. సృష్టికర్తల గాయం వేరు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 2014 జులై చూడాలి.

అప్పుడు నడుస్తున్నది కొనసాగింపు సిరీస్ ‘ద లెజెండ్ ఆఫ్ కొర్రా’, మూడో సీజన్. మెక్సికో నుంచి కొన్ని ఎపిసోడ్లు లీకవడంతో, పెద్దగా ప్రచారమేమీ లేకుండా జూన్ చివర్లో హడావుడిగా ప్రసారం మొదలుపెట్టారు. ఒకే రాత్రి రెండు మూడు ఎపిసోడ్లు దొర్లించేశారు. ఎప్పుడు వస్తుందో చూసేవాళ్లకే తెలియకపోతే రేటింగులు ఎక్కణ్నుంచి వస్తాయి? జులై నెలాఖరుకు చానల్ మిగిలిన 5 ఎపిసోడ్లను టీవీ షెడ్యూల్లోంచి లేపేసి ఆన్‌లైన్‌కు పంపింది. నాలుగో సీజన్ కూడా అదే దారిలో ముందు ఇంటర్నెట్‌లోనే మొదలైంది.

అంతటితో అయిపోలేదు. నాలుగో సీజన్ తయారీలో ఉండగానే ఇంచుమించు ఒక ఎపిసోడ్‌కయ్యే డబ్బు కోసేశారు. సిబ్బందిలో చాలామందిని ముందే ఇంటికి పంపించడమా, పాత క్లిప్పులు అతికించి ఒక ఎపిసోడ్ లాగించడమా అన్నది ప్రశ్న. మనుషులను పంపించడం ఇష్టంలేక క్లిప్పుల దారే పట్టామని కొనియెట్‌స్కో తర్వాత బహిరంగంగానే రాశారు. అలా వచ్చిందే ఆ సీజన్ ఎనిమిదో ఎపిసోడ్. అందులో వారిక్ అనే సినిమా నిర్మాత పాత్ర, కొర్రా స్నేహితుడు బోలిన్ కథను తన ఇష్టమొచ్చినట్టు వక్రీకరించి అతనికే వినిపిస్తుంటాడు. ఎవర్ని ఉద్దేశించి రాశారో చూసేవాళ్లకే వదిలేస్తున్నా. చానల్ వైపు లెక్క ఏమిటంటే, ఆన్‌లైన్లో చూసే వయసువాళ్లే దీని ప్రేక్షకులు కాబట్టి వాళ్లున్న చోటికే తీసుకెళ్లాం అని. ఆ లెక్కలో అబద్ధం లేకపోవచ్చు. అయినా ఎక్కడ చూపించాలో తేల్చేది కథ రాసినవాళ్లు కాదని మాత్రం ఆ నెలలో తేలిపోయింది.

ఇక్కడ రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. ఈ రచ్చ ఏదీ అంటని మాధ్యమం ఒకటుంది: కామిక్స్. 2012లో డార్క్ హార్స్ ప్రచురించిన ‘ద ప్రామిస్’ రాసింది జీన్ లువెన్ యాంగ్. 2010 సినిమాలో తెల్ల నటుల ఎంపిక తప్పని, దాన్ని ఎందుకు చూడకూడదో బొమ్మలు గీసి మరీ చెప్పినవాడు ఆయనే. సృష్టికర్తలు వెంట ఉన్నారు, కథ ఆగిన చోటునుంచే అందుకున్నారు. పాత సిరీస్ చివర్లో శత్రురాజ్యపు రాకుమారుడు జూకో ‘మా అమ్మ ఎక్కడ?’ అని అడిగితే జవాబు వచ్చింది ‘ద సెర్చ్’ కామిక్స్‌లోనే. కామిక్‌కు బడ్జెట్ తక్కువ, పైనుంచి వేలు పెట్టేవాళ్లూ తక్కువ.

కాబట్టి 2018లో నెట్‌ఫ్లిక్స్ నటులతో కొత్త సిరీస్ తీస్తామని పిలిచినప్పుడు సృష్టికర్తలిద్దరూ సంబరంగా వెళ్లడంలో వింతేమీ లేదు. షోరన్నర్లు, అంటే సిరీస్ మొత్తాన్ని నడిపించేవాళ్లు, వాళ్లే. నటుల ఎంపికలో 2010 పొరపాటు జరగదని కూడా చెప్పారు. రెండేళ్లు తిరక్కుండా, 2020 జూన్‌లో బయటికొచ్చేశారు. ఆగస్టులో డిమార్టినో అభిమానులకు బహిరంగ లేఖ రాశారు. మా ఆలోచనకు అండగా ఉంటామన్న హామీ నిలబడలేదు, పనిచేసే వాతావరణం సహకరించలేదు, తెర మీదికి ఏది వచ్చినా అది మేం తీయాలనుకున్నది కాదు అని దాని సారాంశం. మీలో చాలామందికి అది నచ్చినా నచ్చొచ్చు అని కూడా పెద్దమనసుతో ఒక మాట రాశారు. నెట్‌ఫ్లిక్స్ మాత్రం, ఆ ఇద్దరంటే గౌరవం ఉందని చెప్పి ముందుకెళ్లింది.

2024 ఫిబ్రవరి 22న 8 ఎపిసోడ్లు వచ్చాయి. మొదటి 4 రోజుల్లో 2.12 కోట్ల వ్యూస్ వచ్చాయి కాబట్టి దాన్ని ఫ్లాప్ అనలేం. పోయిందేమిటో ఒక్క చోట చూడండి. పాత సిరీస్‌లో ఆంగ్ పారిపోతాడు. తనను పెంచిన గురువు గ్యాట్సో నుంచి విడదీస్తారని పెద్దలు మాట్లాడుకోవడం చాటుగా విని, చెప్పకుండా వెళ్లిపోతాడు. ఆ తర్వాత అతని వాళ్లంతా చనిపోతారు. ఆ సిగ్గును 12వ ఎపిసోడ్‌లో ఒక గుహలో కూర్చుని స్నేహితురాలు కటారాకు చెబుతాడు. కొత్తదానిలో పిల్లవాడు కాస్త గాలి పీల్చుకొస్తానని బయల్దేరి తుఫానులో చిక్కుకుంటాడు, అంతే. తప్పు చేసిన పిల్లవాడు కాస్తా దురదృష్టవంతుడైన పిల్లవాడయ్యాడు.

ఈలోగా 2020 మేలో పాత సిరీస్ అమెరికా నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చి, లాక్‌డౌన్లో జనం విరగబడి చూశారు. బీరువాలో ఉన్న కాగితం విలువ అసలు యజమానికి అప్పుడు తెలిసొచ్చింది. 2021 ఫిబ్రవరిలో నికలోడియన్ ‘అవతార్ స్టూడియోస్’ పెట్టి ఇద్దరినీ వెనక్కి పిలిచింది. మొదటి పనే థియేటర్ సినిమా. పాత గొంతులను మార్చి ఆసియా మూలాలున్న ఎరిక్ నామ్‌తో ఆంగ్‌కు, స్టీవెన్ యూన్‌తో జూకోకు డబ్బింగ్ చెప్పించినందుకు అభిమానులు కొంత అలిగారు గానీ, పెద్ద తెర ఆశ ఆ అలకను మింగేసింది. 2025 ఆగస్టులో పారామౌంట్, స్కైడాన్స్ అనే మరో సంస్థ చేతికి వెళ్లింది. డిసెంబరుకల్లా నిర్ణయం మారింది. ఓటీటీకి చందాదారులు కావాలి, పేరున్న సరుకు కావాలి. వ్యాపారంగా చూస్తే ఆ మాటకు అర్థం ఉంది. 2014లో చెప్పిన లెక్కకూ ఉంది.

నెట్‌ఫ్లిక్స్ రెండో సీజన్‌ను కూడా 2026కే ప్రకటించింది. అంటే ఒకే ఏడాది ఒకే పిల్లవాడు రెండు వేర్వేరు యాపుల్లో. సినిమాగా థియేటర్లో ఆంగ్ కనిపించింది మాత్రం ఇప్పటిదాకా ఒక్కసారే, 2010లో, ఆ రాయి తాపీగా తేలుతూ వెళ్లిన సినిమాలో.