స్ట్రాంగ్ బీరు మాష్: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో చేసుకునే మామూలు బీరు పది పదిహేను సార్లు చక్కగా వచ్చాక చాలామందికి బార్లీ వైన్ మీదో ఇంపీరియల్ స్టౌట్ మీదో, అంటే గట్టి బీర్ల మీద, మనసు పడుతుంది. మొదటి దెబ్బ తగిలేది అక్కడే. రసంలో ఎంత చక్కెర దిగిందో చెప్పే చిక్కదనాన్ని (దీన్నే గ్రావిటీ అంటాం, మంచినీళ్లది 1.000) కొలిచే హైడ్రోమీటర్ 1.100 చూపించాల్సిన చోట 1.080 చూపిస్తుంది. నాకూ అదే జరిగింది. 20 లీటర్ల బార్లీ వైన్ కోసం 9 కిలోల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీసుకుని, ఎప్పటిలాగే మాష్ చేసి (వేడినీళ్లలో నానబెట్టి పిండిని చక్కెరగా మార్చి), ఎప్పటిలాగే స్పార్జ్ చేశాను (పిప్పిని వేడినీళ్లతో కడిగాను). వచ్చింది 1.081. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పనిచేయలేదేమో అనుకున్నాను, మాల్ట్ పాతదేమో అనుకున్నాను. రెండూ కాదు, నేను వేసుకున్న లెక్కే తప్పు. ఆ తర్వాత కొత్తవాళ్ల పక్కన నిలబడి వాళ్ల మాష్‌లు చూసినప్పుడు కూడా ఇవే అనుమానాలు, ఇవే పొరపాట్లు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మాల్ట్ రెట్టింపు వేస్తే గ్రావిటీ రెట్టింపవుతుంది.

వాస్తవం: అవదు. ఎందుకో తెలియాలంటే నీళ్ల లెక్క చూడాలి.

ఒక లీటరులో గ్రావిటీని 0.001 పెంచేది ఒక పాయింటు. ఒక కిలో బేస్ (ముఖ్యంగా వాడే) మాల్ట్‌లో ఉన్నదంతా కరిగివస్తే సుమారు 300 పాయింట్లు. 20 లీటర్లు 1.050 దగ్గర కావాలంటే 50ని 20తో హెచ్చవేయాలి, అంటే 1000 పాయింట్లు. మన రాబడి (అందులో నిజంగా చేతికొచ్చే భాగం) 75 శాతం అనుకుంటే దానికి దాదాపు 4.4 కిలోల మాల్ట్ పడుతుంది. ఆవిరైపోయేది కూడా కలుపుకుని, మరిగించడానికి 24 లీటర్ల వోర్ట్ (మాల్ట్ నుంచి దిగిన తీపి రసం) కావాలి. మాల్ట్ పిప్పి కిలోకి ఒక లీటరు చొప్పున నీళ్లు పట్టి ఉంచుకుంటుంది కాబట్టి మొత్తం 28 లీటర్ల పైచిలుకు నీళ్లు. కిలోకి 3 లీటర్ల చొప్పున మాష్‌కి 13 పోతే, స్పార్జ్‌కి 15 లీటర్లు మిగులుతాయి. నాలుగున్నర కిలోల పిప్పిని కడగడానికి 15 లీటర్లంటే ధారాళంగా సరిపోతాయి.

ఇప్పుడు 9 కిలోలు వేయండి. కావాల్సిన వోర్ట్ అదే 24 లీటర్లు. పిప్పి తాగేది 9. మొత్తం 33. మాష్‌కే 27 పోయాయి. స్పార్జ్‌కి మిగిలింది 6 లీటర్లు. రెట్టింపు పిప్పికి సగం కూడా లేని నీళ్లు! ఆ పిప్పిలో ఉండిపోయిన తొమ్మిది లీటర్లూ చిక్కటి తీపి రసమే. నా బార్లీ వైన్‌కి లీటరుకి రావాల్సిన 20 పాయింట్లు ఆ పిప్పిలోనే ఉండిపోయాయి.

కాబట్టి 1.100 దగ్గర రాబడి 60 శాతం అనుకుని మొదలుపెట్టండి. అప్పుడు 2000 పాయింట్లకు 9 కాదు, 11 కిలోలు కావాలి. ఎక్కువ నీళ్లతో కడిగి, పెరిగిన వోర్ట్‌ను అదనంగా రెండు మూడు గంటలు మరిగించే దారి కూడా ఉంది. దానివల్ల రంగు ముదురుతుంది, ఇంధనం ఖర్చవుతుంది. బార్లీ వైన్‌కి ఆ రంగు అందమే కానీ, లేత రంగు స్ట్రాంగ్ బీరుకి అది పనికిరాదు. రాబడి తగ్గడాన్ని వైఫల్యంగా చూడొద్దని నా సలహా. మాల్ట్ కొనేటప్పుడే ఆ తరుగును లెక్కలో కలుపుకుంటే సరిపోతుంది.

అపోహ: గ్రావిటీ తగ్గిందంటే ఎంజైములు పనిచేయలేదు, బయటి ఎంజైమ్ పొడి కలపాలి.

వాస్తవం: మాల్ట్ పెరిగితే దానితోపాటే ఎంజైములూ పెరుగుతాయి. పేల్ మాల్ట్ ఎక్కువ భాగం ఉన్న ఏ స్ట్రాంగ్ బీరుకీ వాటి కొరత ఉండదు. అయినా ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు, కొలిచి చూస్తే తెలిసిపోతుంది. మాష్ ముగిసి, స్పార్జ్ నీళ్లు ఇంకా పోయకముందే మొదటి రసాన్ని కాస్త తీసి, గది వేడికి చల్లార్చి హైడ్రోమీటర్ పెట్టండి. కిలోకి 3 లీటర్ల మాష్‌లో పిండి అంతా చక్కెరగా మారితే ఆ రసం సుమారు 1.083 చూపించాలి. కిలోకి 2.6 లీటర్లయితే 1.093 దరిదాపుల్లో ఉండాలి.

ఆ అంకె వచ్చిందంటే మాష్ తన పని చేసేసింది. తర్వాత తగ్గినదంతా కడగడంలో తగ్గిందే. అంకె రాకపోతే లోపం మాష్‌లోనే ఉంది: మర బరకగా పట్టిందో, ఉండలు కట్టాయో, వేడి తప్పిందో, పీహెచ్ తప్పిందో. అప్పుడు స్పార్జ్ జోలికి పోకుండా బాగా కలిపి, ఇంకో అరగంట ఆగి మళ్లీ కొలవండి. చాలాసార్లు ఆ అరగంటలోనే అంకె దారికొస్తుంది.

అయోడిన్ చుక్క పరీక్ష కూడా చేయొచ్చు. నల్లగా మారితే పిండి మిగిలి ఉన్నట్టు. కానీ చిన్న పొట్టు ముక్క పడినా నల్లబడుతుంది కాబట్టి తేట రసంతోనే చేయాలి. నేనైతే హైడ్రోమీటర్‌నే నమ్ముతాను. పిండి మిగిలిందో లేదో మాత్రమే అయోడిన్ చెబుతుంది, ఎంత చక్కెర వచ్చిందో చెప్పదు.

అపోహ: టన్‌లో (మాష్ చేసే పాత్రలో) చోటు చాలకపోతే నీళ్లు తగ్గిస్తే సరి.

వాస్తవం: ఎక్కువ మంది చేతులు కాల్చుకునేది ఇక్కడే. నీళ్లలో పడ్డ మాల్ట్ కిలోకి సుమారు 0.67 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. 11 కిలోలకు 2.6 చొప్పున 28.6 లీటర్ల నీళ్లు, మాల్ట్ చోటు 7.4, మొత్తం 36 లీటర్లు. 30 లీటర్ల టన్‌లో ఇది పట్టదు. నీళ్లను కిలోకి 2 లీటర్లకు దించితే 29.4 లీటర్లు, అంచుదాకా వస్తుంది. ఇక తెడ్డు తిరగదు. అంత చిక్కటి మాష్‌లో పిండి మారడం కూడా నెమ్మదిస్తుంది.

దానికంటే బ్యాచ్‌ని చిన్నది చేయండి. 12 లీటర్ల బార్లీ వైన్‌కి 6.7 కిలోలు చాలు. కిలోకి 2.6 లీటర్లు పోసినా 22 లీటర్లలో సరిపోతుంది, కలపడానికి చోటూ ఉంటుంది. 20 లీటర్లే కావాలంటే మాల్ట్‌ని రెండు సగాలు చేసి, మొదటి మాష్ రసాన్నే వేడిచేసి రెండో సగం మాష్‌కి నీళ్లలా వాడొచ్చు. రోజంతా పట్టే పని అది, పైగా చిక్కటి రసంలో రెండో సగం రాబడి ఇంకా తగ్గుతుంది.

అపోహ: ఉండలు కట్టినా వేడినీళ్లలో వాటంతటవే కరిగిపోతాయి.

వాస్తవం: ఉండ పైభాగం జిగురుగా మారి నీళ్లను లోపలికి పోనివ్వదు. లోపల పొడి పిండి పొడిగానే ఉండిపోతుంది. గంటన్నర తర్వాత విరిచి చూసినా పొడిపిండి రాలడం నా కళ్లతో చూశాను. 11 కిలోలను ఒకేసారి కుమ్మరించొద్దు. నీళ్లలో కొద్దికొద్దిగా వేస్తూ, ప్రతి విడతా తడిశాకే తర్వాతది వేయండి. ఒకరు పోస్తుంటే ఇంకొకరు కలిపితే మరీ మంచిది. ఉండ కనిపిస్తే తెడ్డుతో టన్ గోడకు అదిమి చిదమండి.

నీళ్లు ఎంత వేడిగా ఉండాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మాల్ట్ 25 డిగ్రీల దగ్గర ఉండి, మాష్ 65 దగ్గర నిలవాలంటే కిలోకి 2.6 లీటర్ల మాష్‌లో నీళ్లు 71 డిగ్రీలకు కాస్త పైన ఉండాలి. ఇది ముందే వేడిచేసి ఉంచిన టన్‌కి లెక్క. టన్ చల్లగా ఉంటే ఇంకా కావాలి. మామూలు బీరులో మూడు డిగ్రీలు తగ్గితే కాస్త మరిగే నీళ్లు పోసి సర్దుకుంటాం. 11 కిలోల మాష్‌ని 62 నుంచి 65కి తేవాలంటే దాదాపు 3 లీటర్ల మరిగే నీళ్లు కావాలి. నిండిన టన్‌లో వాటికి చోటెక్కడిది? అందుకే మొదటిసారే సరిగ్గా కొట్టాలి.

అపోహ: స్ట్రాంగ్ బీరుకి నిండుదనం కావాలి కాబట్టి మాష్ 69 డిగ్రీల దగ్గర చేయాలి.

వాస్తవం: 1.100 దగ్గర మొదలైన బీరు మూడు వంతులు పులిసినా 1.025 దగ్గర ఆగుతుంది. అదే కావాల్సినంత నిండుదనం. 69 దగ్గర చేస్తే పులియని చక్కెరలు పెరిగి 1.035 దగ్గరే ఆగిపోవచ్చు, అప్పుడు పాకం తాగినట్టుంటుంది. నేను 64, 65 మధ్య పెట్టి 90 నిమిషాలు ఉంచుతాను. పులిసే చక్కెరను ఎక్కువగా ఇచ్చే బీటా అమైలేజ్‌కి ఆ వేడి అనుకూలం.

అపోహ: ఎంత మెత్తగా మర పట్టిస్తే అంత చక్కెర.

వాస్తవం: మెత్తటి పిండి త్వరగా మారుతుంది, నిజమే. కానీ పొట్టు నలిగిపోతే వడకట్టే పొర ఉండదు. స్ట్రాంగ్ బీరులో పిప్పి పొర లోతుగా ఉంటుంది, దాని బరువుకే అది అణిగిపోతుంది. గోధుమ మాల్ట్, రై ఉంటే వాటికి పొట్టే లేదు, ఓట్స్ రేకులదీ అదే పరిస్థితి, పైగా జిగురు. ఇలాంటప్పుడు వరి ఊక గుప్పెళ్లతో కలపండి, రుచి మారదు. మర పట్టే ముందు మాల్ట్ బరువులో ఒకటి రెండు శాతం నీళ్లు చిలకరించి కాసేపు ఉంచితే పొట్టు మెత్తబడి ముక్కలవకుండా నిలుస్తుంది. ఈ చిన్న పని చేయడం మొదలుపెట్టాక నా టన్ బిగుసుకోవడం బాగా తగ్గింది.

కుళాయి మొదట సన్నగా వదలండి. ధార ఆగిపోతే టెన్షన్ పడి కుళాయి పూర్తిగా తిప్పొద్దు, పొర ఇంకా బిగుసుకుంటుంది. కుళాయి కట్టేసి, అడుగు నుంచి కొద్దిగా వేడినీళ్లు ఎక్కించి, మాష్ కలిపి, పది నిమిషాలు కుదురుకోనిచ్చి, మొదటి మురికి రసాన్ని మళ్లీ పైన పోస్తూ తేట పడ్డాక వదలండి. మాష్‌ని 76 డిగ్రీలకు తెస్తే రసం పలచబడి ఇంకా తేలిగ్గా దిగుతుంది.

అపోహ: నల్ల మాల్ట్‌లన్నీ మొదటే వేయాలి.

వాస్తవం: ఇంపీరియల్ స్టౌట్‌లో అవి పీహెచ్‌ని బాగా దించేస్తాయి. చల్లార్చిన రసంలో 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. అంతకంటే దిగుతుంటే నల్ల మాల్ట్‌లను చివరి పావుగంటలో వేయండి.

అపోహ: మాల్ట్ ఎక్స్‌ట్రాక్టో (మాల్ట్ రసాన్ని ఇగిర్చి చేసిన పాకమో పొడో) చక్కెరో కలిపితే అది అసలైన బీరు కాదు.

వాస్తవం: బెల్జియం స్ట్రాంగ్ బీర్లలో చక్కెర వాడటం ఎప్పటినుంచో ఉన్నదే, బీరు గొంతులో తేలిగ్గా దిగేది దానివల్లే. 20 లీటర్లలో ఒక కిలో పొడి ఎక్స్‌ట్రాక్ట్ లీటరుకి 18 పాయింట్లు ఇస్తుంది. కొలత తక్కువొచ్చిన రోజు చేతికందేలా ఒక ప్యాకెట్ ఉంచుకోండి.

అపోహ: పిప్పిని ఎక్కువ కడిగితే వగరు వస్తుంది, కాబట్టి మిగిలింది పారేయాలి.

వాస్తవం: కుళాయి నుంచి వచ్చే రసం 1.010 కంటే పలచబడి, పీహెచ్ 5.8 దాటి, నీళ్లు మరీ వేడిగా ఉన్నప్పుడు వగరు భయం. స్ట్రాంగ్ బీరు పిప్పి ఆ దరిదాపుల్లోకి కూడా రాదు. 11 కిలోల పిప్పిలో ఇంకో 12 లీటర్ల వేడినీళ్లు పోసి తీస్తే నాకు 1.040, 1.050 మధ్య రసం వస్తుంది. అది ఇంకో బీరు. ఇంగ్లండ్‌లో పాతకాలం నుంచీ ఒకే మాష్ నుంచి గట్టిదీ తేలికదీ ఇలా తీసేవాళ్లు. దానికి వేరే గిన్నె, వేరే హాప్స్, ఇంకో ఈస్ట్ ప్యాకెట్ ముందే సిద్ధం చేసుకుని పొద్దున్నే మొదలుపెట్టండి. బార్లీ వైన్ నెలల తరబడి సీసాల్లో ముదురుతూ ఉంటుంది. ఈ రెండోది మూడు నాలుగు వారాల్లో తాగడానికి వచ్చేస్తుంది.