బోరు నీళ్ల మీద అపోహలు - వాస్తవాలు

భూగర్భ జలాల పని మీద అనంతపురం పల్లెలు తిరిగే జియాలజిస్టుని. పాయింట్ పెట్టడానికి, అంటే బోరు ఎక్కడ వేయాలో చూపడానికి పోయిన ప్రతిచోటా వినబడే మాటలివి.

అపోహ: ఇంకో వంద అడుగులు దించితే నీళ్లు పడతాయి.

వాస్తవం: ఇక్కడ నేల అడుగున ఎక్కువగా ఉన్నది గ్రానైట్, దానిలాంటిదే నైస్ (gneiss) అనే గట్టి రాయి. నీళ్లుండేది పైన మెత్తబడిన పొరలో, దాని కింద పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, ఉన్నవీ బిగుసుకుంటాయి. ఎనిమిది వందల అడుగుల్లో అసలు తగలవని కాదు. కానీ బోరు వేసే బండి ఉండగా ఎగజిమ్మిన నీళ్లు చూసి మోటారు కొనేయకండి. అది ఏళ్ల తరబడి పగుల్లో నిలవున్న నీరు కావచ్చు. పైనుంచి ఊట అందకపోతే కొన్ని నెలల్లో అయిపోతుంది. బండివాళ్లకు డబ్బులిచ్చేది అడుగుల లెక్కన అని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: వాన బాగా పడింది, బోరు కింద వరి పెట్టొచ్చు.

వాస్తవం: ఇక్కడ ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. గ్రానైట్ నేలల్లో అందులో పదో వంతు ఇంకుతుందని మా లెక్క. అంటే ఎకరాకు దాదాపు 2.2 లక్షల లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల తడి అనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు తోడాలి. అందులో సగం మళ్లీ భూమిలోకే దిగుతుందనుకున్నా, ఒక్క ఎకరం వరి పదకొండు ఎకరాల్లో ఇంకిన వానను తాగేస్తుంది. మిగతా పది ఎకరాలూ పక్క రైతులవి, వాళ్లకూ బోర్లున్నాయి. 'నా పొలం, నా నీళ్లు' అనే వాదన ఇక్కడే తేలిపోతుంది. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం చెబుతోంది. పాటించేవాళ్లు తక్కువే లెండి.

అపోహ: అరచేతిలో పట్టుకుని నడిచే కొబ్బరికాయ నిలబడిన చోట నీళ్లుంటాయి.

వాస్తవం: మెత్తని పొర మందంగా ఉన్న ఊళ్లో ఎక్కడ వేసినా ఎంతో కొంత పడుతుంది. పేరు కాయకొస్తుంది.

అపోహ: ఫ్రీ కరెంటే కదా, మోటారు ఆడితే ఏం పోయింది?

వాస్తవం: ఆ డబ్బు ప్రభుత్వం కడుతోంది. ఆటో స్టార్టర్ ఉంటే రాత్రి కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, మడి నిండి పొర్లినా ఆపే మనిషుండడు. తెలంగాణలో 2018 జనవరి 1న 24 గంటల కరెంటు మొదలుపెట్టే ముందు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది.

అపోహ: డ్రిప్ పెట్టాం, ఇక నీళ్లు మిగిలినట్టే.

వాస్తవం: ఎకరాకు వాడకం తగ్గేమాట నిజమే. మిగిలిన నీళ్లు చూసుకుని ఇంకో రెండెకరాలు చీనీ (బత్తాయి) పెడితే బోరు తోడేది మళ్లీ అంతే. పైగా నీళ్లు లేని ఏడాది వేరుశనగ వేయడం మానుకోవచ్చు. చీనీ చెట్లకు మాత్రం ఎండాకాలంలోనూ తడి పెట్టాల్సిందే.