జీ ఫోర్స్‌కి ఆడపిల్లలు ఆగగలరా? అపోహలు – వాస్తవాలు

నేను విమానయాన వైద్యంలో పనిచేస్తాను. 2025 జూలైలో మన విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఆస్థా పూనియా నౌకాదళ ఫైటర్ విభాగంలోకి అడుగుపెట్టిన తొలి మహిళ అయ్యారు. అప్పటి నుంచి ఇక్కడి తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేది ఇదే: "డాక్టరు గారూ, ఫైటర్ విమానం మలుపుల్లో ఒంటి మీద పడే ఆ జీ ఫోర్స్ ఒత్తిడికి ఆడపిల్ల ఒళ్లు ఆగుతుందా?" ఆగుతుంది.

అపోహ: ఆడవాళ్లు సున్నితం, త్వరగా స్పృహ తప్పుతారు.

వాస్తవం: విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు ఒంటి బరువు ఎన్నో రెట్లవుతుంది. ఆ రెట్లనే జీలలో కొలుస్తాం, నేల మీద మన మామూలు బరువు 1 జీ. 5 జీలో 50 కిలోల మనిషి 250 కిలోలు తూగుతుంది. రక్తమూ అలాగే బరువెక్కి కాళ్లలోకి దిగుతుంది. మెదడు గుండెకి దాదాపు 30 సెంటీమీటర్ల పైన ఉంటుంది కాబట్టి, ఒక్కో జీకి అక్కడ బీపీ సుమారు 22 పాయింట్లు పడిపోతుంది. ముందు చూపు మసకబారుతుంది, తర్వాత స్పృహ పోతుంది. అంటే గుండెకీ తలకీ మధ్య దూరం తక్కువుంటే మేలు. కాక్‌పిట్‌కి కావలసిన కనీస కొలతలుంటే చాలు, పొట్టిగా ఉందని అమ్మాయిని వెనక్కి లాగకండి.

1986లో అమెరికా వైమానిక దళ పరిశోధకులు 102 మంది మహిళలనూ 139 మంది మగవాళ్లనూ సెంట్రిఫ్యూజ్‌లో (మనిషిని గిర్రున తిప్పి జీ ఒత్తిడి పుట్టించే యంత్రం) తిప్పి పోల్చారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒకే ఎత్తున్న వాళ్లని పోల్చినప్పుడు మాత్రం మహిళలు వెనకబడ్డారు. ఆ సంగతి దాచనక్కర్లేదు. అయినా ఆ కారణంతో మహిళలను పక్కన పెట్టకూడదనే వాళ్లు తేల్చారు.

అపోహ: జీ సూట్ వేసుకుంటే చాలు.

వాస్తవం: జీ సూట్ అంటే గాలితో ఉబ్బి కాళ్లనీ పొట్టనీ నొక్కి, రక్తం కిందికి దిగకుండా ఆపే దుస్తులు. తట్టుకునే శక్తికి అది కలిపేది 1 నుంచి 1.5 జీ. అంతకంటే ఎక్కువ బలాన్నిచ్చేది శిక్షణలో నేర్పే పద్ధతి: కాళ్లు, పిరుదులు, పొట్ట బిగించి, ఊపిరి బిగబట్టి, మూడేసి సెకన్లకి చటుక్కున గాలి మార్చుకోవాలి. ఇది సాధనతో వచ్చే విద్య, ఎవరికైనా వస్తుంది. నన్ను నిజంగా బాధపెట్టేది సూట్ల కొలతలు. చాలాకాలం వాటిని మగవాళ్ల కొలతలతోనే కుట్టారు. నడుము దగ్గర వదులైతే పొట్ట మీద ఒత్తిడి సరిగ్గా పడదు. అప్పుడు లోపం సూట్‌ది, అమ్మాయిది కాదు.

అపోహ: నెలసరి రోజుల్లో ఎగరకూడదు.

వాస్తవం: నొప్పి, నీరసం లేకపోతే అడ్డేమీ లేదు. గర్భం వేరే సంగతి, అప్పుడు ఫైటర్ ఎక్కనివ్వరు.

అసలు ప్రమాదం ఒంట్లో నీరు తగ్గడం, ఖాళీ కడుపు. మే నెల విశాఖ ఉక్కపోతలో చెమట ధారలు కడుతుంది, దాంతో జీని తట్టుకునే శక్తీ తగ్గుతుంది. సెలక్షన్‌కి సిద్ధమవుతున్న అమ్మాయిలూ, పొద్దున టిఫిన్ మానకండి, నీళ్లు తాగండి, పరుగుతో పాటు కాళ్లకీ పొట్టకీ వెయిట్ ట్రైనింగ్ చేయండి.