నీలం కావాలంటే పసుపు వెలుగు

చీకటిగదిలో రంగుల ఫోటో కాగితం మీద ఎర్రటి వెలుగు వేస్తే అక్కడ ఎరుపు రాదు. రసాయనాల్లో కడిగి తీశాక సయాన్ కనిపిస్తుంది. ఆకాశనీలంలో కాస్త పచ్చదనం కలిస్తే వచ్చే రంగు అది. ఆకుపచ్చ వెలుగు పడిన చోట మెజెంటా, అంటే గులాబీకీ ఊదాకీ నడుమ ఉండే ముదురు రంగు వస్తుంది, నీలి వెలుగు పడిన చోట పసుపు. మూడూ కలిసి గట్టిగా పడితే నలుపు. ఏ వెలుగూ సోకని చోట కాగితం తెల్లగానే ఉండిపోతుంది. కెమెరా, లెన్సు, నెగెటివ్ ఏవీ లేకుండా ఈ కాగితం మీద రంగు దీపాలతో నేరుగా బొమ్మ కట్టే కళ ఒకటి ఉంది. అలా తయారైన చిత్రాన్ని ఫోటోగ్రామ్ అంటారు. నీలం కావలసినవారు ఇందులో పసుపు దీపం వెలిగించాలి. ఎరుపు కావాలంటే సయాన్ దీపం. ఈ తలకిందుల లెక్క ఒంటబట్టిన వారి చేతుల్లో ఈ కాగితం చేసే పనిని మరే సాధనమూ చేయలేదని నా నమ్మకం.

లెక్క ఎందుకు తలకిందులైందో తెలియాలంటే కాగితం లోపలికి వెళ్లాలి. పైకి ఒకే నునుపు పూతలా కనిపించే దానిలో ముఖ్యంగా మూడు పొరలుంటాయి. అడుగున ఉన్నది నీలి వెలుగుకు స్పందిస్తుంది, మధ్యది ఆకుపచ్చకు, పైది ఎరుపుకు. మూడింటిలోనూ జెలటిన్‌లో చెదిరిన సిల్వర్ క్లోరైడ్ స్ఫటికాలే ఉంటాయి. వెండి లవణాలకు స్వతహాగా ఎరుపు, ఆకుపచ్చ దాదాపు కనిపించవు. నీలానికీ, కంటికి కనిపించని అతినీలలోహితానికీ మాత్రమే అవి లొంగుతాయి. 1873లో హెర్మన్ వోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, కొన్ని అద్దకపు రంగులను వెండి లవణాలకు కలిపితే అవి మిగతా వెలుగులకు కూడా స్పందిస్తాయని కనిపెట్టాడు. స్ఫటికానికి అంటుకున్న రంగు అణువు తనకు నచ్చిన వెలుగును పీల్చుకుని, ఆ శక్తిని స్ఫటికానికి అందిస్తుంది. ఈనాటి రంగుల కాగితం ఆ ఆవిష్కరణ మీదే నిలబడింది.

ఇక్కడ ఒక చిన్న కథ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1861లో భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రంగుల ఫోటోను ప్రదర్శించాడు. ఒక గళ్ల రిబ్బను ముడిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా విడివిడిగా ఫోటో తీయించి, వాటిని అదే రంగుల వెలుగుతో తెర మీద ఒకటిగా కలిపి చూపించాడు. వోగెల్ ఆవిష్కరణకు ఇంకా పన్నెండేళ్లుంది. వెండి లవణాలు పూసిన అప్పటి ఫోటో పలకలకు ఎరుపు తెలియదు. అలాంటప్పుడు ఎర్ర ఫిల్టర్ గుండా బొమ్మ ఎలా పడింది? జవాబు దొరకడానికి నూరేళ్లు పట్టింది. రిబ్బనులోని ఎర్ర భాగాలు అతినీలలోహితాన్ని కూడా వెనక్కి పంపాయనీ, మాక్స్‌వెల్ ఫిల్టర్ దాన్ని అడ్డుకోలేదనీ, పలక మీద పడింది ఆ వెలుగేననీ 1961లో తేలింది. సిద్ధాంతం సరైనదే, ప్రయోగాన్ని నిలబెట్టింది మాత్రం అదృష్టం. రంగు దీపాలతో పని చేసేవారికి ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. కంటికి కనిపించే వెలుగూ కాగితానికి అందే వెలుగూ ఒకటే కానక్కరలేదు.

వెలుగు తాకినప్పుడు స్ఫటికంలో జరిగేది చాలా చిన్న మార్పు. కాంతి కణాలు కొన్ని ఎలక్ట్రాన్లను విడిపిస్తాయి, ఆ ఎలక్ట్రాన్లు వెండి అయాన్లతో కలిసి నాలుగైదు వెండి పరమాణువుల గుంపును కడతాయి. బొమ్మ అప్పటికే ఉంది, కానీ ఏ కన్నూ దాన్ని చూడలేదు. బొమ్మను బయటపెట్టే రసాయనమైన డెవలపర్‌లో ముంచగానే ఆ చిన్న గుంపు ఉన్న స్ఫటికమంతా వెండిగా మారుతుంది. రంగు పుట్టేది ఆ తర్వాతే. వెండిని తయారు చేస్తూ డెవలపర్ తాను ఆక్సీకరణ చెందుతుంది. అలా మారిన డెవలపర్, పొరలో ముందే పొదిగి ఉన్న కప్లర్ అనే పదార్థంతో కలిసి రంగు అణువుగా స్థిరపడుతుంది. ఈ పద్ధతికి 1912లో దారి చూపినవాడు రుడాల్ఫ్ ఫిషర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. ఎరుపుకు స్పందించే పొరలో సయాన్ ఇచ్చే కప్లర్, ఆకుపచ్చ పొరలో మెజెంటా ఇచ్చేది, నీలి పొరలో పసుపు ఇచ్చేది పెడతారు. చివరికి బ్లీచ్-ఫిక్స్ ద్రావణం వెండినంతా కడిగేస్తుంది. మనం గోడకు తగిలించుకునే చిత్రంలో వెండి రవ్వంతైనా మిగలదు. అది ఉన్న చోటల్లా రంగును వదిలి వెళ్లిపోయింది.

పొరలు తాము పీల్చుకున్న వెలుగుకు ఎదురు రంగునే ఎందుకు తయారు చేస్తాయన్న ప్రశ్నకు జవాబు సులభం. ఈ కాగితాన్ని నెగెటివ్ నుంచి మామూలు ఫోటో అచ్చు వేయడానికి తయారు చేశారు. నెగెటివ్‌లో ఒకసారి తిరగబడిన రంగు కాగితం మీద మళ్లీ తిరగబడి సరిపోతుంది. ఫోటోగ్రామ్‌లో నెగెటివ్ లేదు కాబట్టి తిరుగుడు ఒక్కటే మిగులుతుంది.

అయితే నీడ దగ్గరికి వచ్చేసరికి ఆ తిరుగుడు మళ్లీ తిరగబడుతుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న ప్రయోగం ఇదే. కాగితం పైన కొంచెం ఎత్తులో ఒక గాజు పలకను ఆనించి, దాని మధ్యలో వెలుగు చొరని గుండ్రటి అట్టబిళ్ల పెట్టాలి. పైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడు, ముక్కోణంలో కొద్ది దూరం దూరంగా ఉండాలి. మూడూ ఒక్కసారి వెలిగి ఆరాయి. కాగితంలో చాలా భాగం మీద మూడు వెలుగులూ పడ్డాయి కాబట్టి అక్కడ నలుపు. ఎర్ర దీపం వల్ల పడిన నీడలోకి ఆకుపచ్చ, నీలం మాత్రమే చేరాయి. అవి మెజెంటాను, పసుపును పుట్టించాయి. ఆ రెండూ కలిస్తే ఎరుపు. అంటే ఎర్ర దీపపు నీడ ఎర్రగా వచ్చింది! అలాగే ఆకుపచ్చ దీపపు నీడ ఆకుపచ్చగా, నీలి దీపపు నీడ నీలంగా. ఎరుపు, ఆకుపచ్చ నీడలు ఒకదాని మీదికి ఒకటి వచ్చిన చోట నీలి వెలుగు ఒక్కటే దిగింది, అక్కడ పసుపు. ఆకుపచ్చ, నీలం నీడలు కలిసిన చోట సయాన్. నీలం, ఎరుపు నీడలు కలిసిన చోట మెజెంటా. మూడు నీడలూ కలిసిన నడిమి భాగానికి ఏ వెలుగూ చేరలేదు, అది తెల్లగా మిగిలింది. కాంతి రంగులు కలిసే తీరు చూపడానికి పాఠ్యపుస్తకాల్లో నల్లటి నేల మీద గీసే మూడు వృత్తాల బొమ్మ ఉంటుంది కదా, అచ్చం అదే. తేడా ఏమిటంటే ఆ బొమ్మలో వృత్తాలు వెలుగులు, ఇక్కడ నీడలు.

ఇదంతా చేయాల్సింది కటిక చీకటిలో. నలుపు తెలుపు కాగితానికి ఎర్రదీపం ప్రమాదం కాదు, ఆ మసక వెలుగులో చేతులు కనిపిస్తాయి. రంగుల కాగితం మూడు వెలుగులకూ స్పందిస్తుంది కనుక ఆ వెసులుబాటు దాదాపు లేదు. పని వేళ్లకు అప్పగించాలి. అందుకే అనుభవజ్ఞులు దీపాలు వెలుగుతుండగానే మామూలు తెల్ల కాగితం వేసి వస్తువులన్నీ అమర్చి చూసుకుంటారు. కాగితం అంచు ఎక్కడ ఆనాలో అట్టముక్కలు అతికించి గుర్తు పెట్టుకుంటారు. ఏ దీపం తర్వాత ఏది, మధ్యలో ఏ వస్తువు తీసేయాలి అన్నది కంఠతా ఉండాలి. ఎక్స్‌పోజర్, అంటే కాగితానికి వెలుగు చూపడం అయ్యాక దాన్ని మూత ఉన్న గొట్టంలోకి చుట్టి పెడితే మిగతా కడుగుడు పని వెలుతురులో చేసుకోవచ్చు. ప్రామాణిక పద్ధతిలో 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర డెవలపర్‌కు 45 సెకన్లు, బ్లీచ్-ఫిక్స్‌కు 45 సెకన్లు, ఆపై నీటి కడుగుడు. ఈ రసాయనాలకు చేతి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి. రంగు డెవలపర్ చర్మానికి పడదు, కొందరికి ఎలర్జీ తెస్తుంది.

మామూలు తెల్ల దీపంతో మొదలుపెట్టేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. వెలుగు తక్కువ పడిన చోట్ల బూడిదరంగు వస్తుందనుకుంటే నారింజ రంగు వస్తుంది. దీనికి కారణం రంగు నెగెటివ్‌కు ఉండే నారింజ ఛాయ. ఆ ఛాయ నీలాన్నీ ఆకుపచ్చనూ చాలావరకు ఆపేస్తుంది కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి కాగితం తయారీదారులు నీలి, ఆకుపచ్చ పొరలను చాలా చురుగ్గా ఉంచి, ఎరుపు పొరను మందకొడిగా ఉంచారు. నెగెటివ్ లేని చోట ఆ అసమానత బయటపడుతుంది. నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్లార్జర్ యంత్రం తలలోని పసుపు, మెజెంటా ఫిల్టర్లను బాగా పెంచి దీన్ని సరిచేయవచ్చు. లేదా ఆ నారింజనే వాడుకోవచ్చు. అర్ధపారదర్శక వస్తువుల అంచుల చుట్టూ నిప్పులా అలుముకునే ఆ రంగును కావాలని నిలుపుకున్న చిత్రాలు నాకు బాగా నచ్చుతాయి.

నీడ అంచు పదునుగా ఉండాలంటే దీపం చిన్నదిగా, దూరంగా ఉండాలి. వెడల్పాటి దీపం దగ్గరగా ఉంటే అంచు మెత్తగా కరిగిపోతుంది. దూరాన్ని రెట్టింపు చేస్తే కాగితానికి చేరే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది, సమయాన్ని నాలుగు రెట్లు పెంచుకోవాలి. గాజు, నీరు లాంటివి వెలుగును ఆపవు, వంచుతాయి. గాజు గ్లాసును కాగితం మీద పెడితే దాని చుట్టూ పడేది నీడ ఒక్కటే కాదు, వంగిన కిరణాలు గుమిగూడిన గీతలు కూడా. ఆ గీతల దగ్గర వెలుగు ఎక్కువ కాబట్టి రంగు చిక్కబడుతుంది. కాగితం వస్తువును చూడదు, ఒక్కో చోట ఏ వెలుగు ఎంత చేరిందో కూడి పెట్టుకుంటుంది. ఎరుపు ముందు వేసి నీలం తర్వాత వేసినా, నీలం ముందు వేసినా మొత్తం దాదాపు ఒకటే. ఈ గుణం వల్లే ఒకే కాగితం మీద వస్తువులను కదుపుతూ పది విడతలుగా వెలుగు పొరలు వేయడం సాధ్యమవుతుంది.

కెమెరా లేని చిత్రం కెమెరా ఫోటో కంటే పాతది. థామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీ 1802లో సిల్వర్ నైట్రేట్ పూసిన కాగితం, తోలు మీద ఆకుల నీడలను పట్టగలిగారు కానీ నిలపలేకపోయారు. 1843లో ఆనా ఆట్కిన్స్ సముద్రపు నాచుల నీలిముద్రలతో తొలి ఫోటో చిత్రాల పుస్తకాన్ని తీసుకురావడం మొదలుపెట్టింది. 1919 తర్వాత క్రిస్టియన్ షాడ్, మాన్ రే, లాస్‌లో మొహోయ్-నాజ్ అనే కళాకారులు ఫోటోగ్రామ్‌ను ఆధునిక కళలోకి తెచ్చారు. అదంతా ప్రధానంగా నలుపు తెలుపు ప్రపంచం.

రంగులో ఈ కళను చాలా ఎత్తుకు తీసుకెళ్లిన ముగ్గురు బ్రిటన్‌లో పుట్టినవారే: గ్యారీ ఫాబియన్ మిల్లర్, సుసాన్ డెర్జెస్, ఆడమ్ ఫస్. మిల్లర్ రంగు ద్రవాలు నింపిన గాజు పాత్రల గుండా వెలుగును పంపి, గంటల తరబడి సాగే ఎక్స్‌పోజర్లతో వృత్తాలను, చతురస్రాలను రూపొందించాడు. డెర్జెస్ రాత్రివేళ కాగితాన్ని నదిలో ముంచి, ఫ్లాష్ ఒక్కసారి వెలిగించి, ప్రవాహపు సుడులను నేరుగా దాని మీద పట్టింది. అక్కడ చీకటిగది రాత్రే. 2010లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఈ ముగ్గురినీ మరో ఇద్దరినీ కలిపి పెద్ద ప్రదర్శన పెట్టింది. ఆ ముగ్గురి ప్రసిద్ధ రచనలు ఎక్కువగా సిబాక్రోమ్ అనే కాగితం మీదివి. దాని రసాయనం పూర్తిగా వేరు. రంగులు ముందే పొరల్లో నిండి ఉంటాయి, వెలుగు పడిన చోట వాటిని కడుగుడులో చెరిపేస్తారు. కాబట్టి ఎర్ర వెలుగుకు ఎరుపే వస్తుంది, చీకటికి నలుపు వస్తుంది. రంగులు గాఢంగా, చాలాకాలం వెలవకుండా ఉండేవి. 2010 దశకం మొదట్లో దాని తయారీ ఆగిపోయింది. ఒక కళాకారుడు జీవితమంతా నేర్చుకున్న సాధనం కర్మాగారం నిర్ణయంతో మాయమవడం నిజంగా బాధాకరం.

మామూలు రంగుల కాగితం మాత్రం ఇప్పటికీ తయారవుతోంది. డిజిటల్ ఫోటోలను ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లతో ఇదే రకం కాగితం మీద ముద్రించే ల్యాబులు దాన్ని బతికించాయి. ఎల్ఈడీలు రావడంతో శుద్ధమైన రంగు వెలుగు కూడా సులువుగా దొరుకుతోంది. కాకపోతే ఆకుపచ్చ ఎల్ఈడీ వెలుగు కొంత నీలి పొరను కూడా తట్టవచ్చు. అప్పుడు మెజెంటాలో పసుపు కలిసి ఎరుపు వైపు జారుతుంది. దీపాన్ని బట్టి, కాగితాన్ని బట్టి ఈ జారుడు మారుతుంది కనుక మొదటి కాగితాన్ని బొమ్మకు వాడకండి. దాన్ని అట్టతో కప్పి, కొంచెం కొంచెంగా జరుపుతూ ఎరుపును ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది సెకన్లుగా అడ్డంగా పట్టీలు వేయండి. తర్వాత నిలువుగా ఆకుపచ్చను అలాగే వేయండి. ఆరాక వచ్చే గళ్లలో సయాన్ నుంచి నీలం మీదుగా మెజెంటా దాకా ఉన్న మెట్లన్నీ కనిపిస్తాయి. ఆకుపచ్చ, నీలంతో ఒకటి, నీలం, ఎరుపుతో మరొకటి చేసుకుంటే మీ దీపాలకూ మీ కాగితానికీ సరిపోయే రంగుల పట్టిక మీ దగ్గర ఉన్నట్టే. వెనుకవైపు సెకన్లు, దీపం ఎత్తు రాసుకోవడం మరవకండి.